కొండమీది నీటివంతు

"చైనా వెళ్ళొచ్చారటగా, గోడ చూశారా?" అని అడగనివాళ్ళు లేరు మా వీధిలో. గోడ చూడలేదండీ. గోడ ఉత్తరాన ఉంది, మేం వెళ్ళింది దక్షిణాన. మేం చూసొచ్చింది గట్లు. వరిమళ్ళ గట్లు. ఆ మాట చెప్పగానే మా పక్కింటి ప్లీడరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కోనసీమలో పుట్టినవాడివి, గట్లు చూడడానికి చైనా వెళ్ళావుటయ్యా!" అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. అంచేత ఈ వారం ఆ గట్ల సంగతి మీ అందరికీ ఒక్కసారే చెప్పేస్తే, ఇంటింటికీ చెప్పే బాధ తప్పుతుందని మొదలుపెడుతున్నాను.

మా పెద్దక్కయ్య మనవడు కున్మింగులో డాక్టరీ చదువుతున్నాడు. మన పిల్లలు చాలామంది చైనాలో డాక్టరీ చదువుతున్నారన్నది మీకు కొత్త సంగతేమీ కాదు. వాడికిది ఆఖరు సంవత్సరం. "తాతయ్యా, నేనిక్కడ ఉండగానే వచ్చిపొండి. తరవాత వస్తే దుబాసీ దొరకడు" అని ఫోను చేశాడు. అక్కయ్య ఆవకాయ సీసా ఒకటి గుడ్డలో మూటగట్టి ఇచ్చి, "వాడు చిక్కిపోయాడేమో చూసి రండర్రా" అంది. వాడేమీ చిక్కలేదు. మేం బాంకాకులో విమానం మారి, సీసా పగలకుండా వళ్ళో పెట్టుకుని కున్మింగు చేరేసరికి చిక్కింది మేము.

కున్మింగు పట్నం సంగతి తరవాత రాస్తాను. అక్కడినించి దక్షిణంగా బస్సులో దాదాపు ఏడుగంటలు ప్రయాణం చేస్తే యువాన్‌యాంగ్ అనే సీమ వస్తుంది. మేం బయలుదేరింది చైనావాళ్ళ కొత్తసంవత్సరం పండగ వెళ్ళిన నాలుగోరోజు. మా బస్సులో సగం ఖాళీ. ఎదురొచ్చే బస్సుల్లో మాత్రం ఊపిరి సలపడానికి సందులేదు. కిటికీలకి చెంపలు ఆనించి నిద్రపోతున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు, కాళ్ళదగ్గిర బియ్యం మూటలు, కోడిగుడ్ల బుట్టలు. పండక్కి ఇంటికొచ్చి, మళ్ళీ ఫాక్టరీలకు వెళ్ళిపోతున్నారని మావాడు చెప్పాడు. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు అమలాపురం బస్‌స్టాండు చూసినవాళ్ళకి ఇంకేం వర్ణించనక్కర్లేదు. మా ఆవిడ ఒక బస్సు దాటగానే తల తిప్పుకుంది. మా అబ్బాయి కూడా అల్లాగే వెళతాడు, కాకపోతే విమానంలో.

సాయంత్రానికి ఎర్రనది లోయలోకి దిగాము. పేరుకు తగ్గట్టు నీళ్ళు నిజంగానే ఎర్రమట్టి రంగు. ఈ నదే కిందికి పారి వియత్నాంలో హనోయి పట్నం పక్కనించి సముద్రంలో కలుస్తుంది. లోయలో అరటితోటలు, ఉక్కపోత. శాలువాలు తీసేశాము. ఇది మన లంకల్లాగే ఉందే అని నేను సంతోషించేలోపలే బస్సు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. గంటసేపు మెలికలు తిరిగి, తిరిగి, పదహారువందల మీటర్ల ఎత్తుకు పోయింది. తీసిన శాలువాలు మళ్ళీ కప్పుకున్నాము. అక్కడినించి చిన్న వ్యానులో ఇంకా పైకి, పుగావ్‌లావ్ అనే పల్లెకి. చుట్టూ ఏమీ కనపడలేదు. మబ్బు. కిటికీలోంచి చెయ్యి చాపితే నా వేళ్ళు నాకే కనపడలేదంటే అతిశయోక్తి అనుకోకండి. బసలో ఉడుకునీళ్ళు తాగి, ఆవకాయ అన్నం తిని, ఉన్న బట్టలన్నీ కప్పుకుని పడుకున్నాము. "గట్లు చూడడానికి తీసుకొచ్చి మబ్బు చూపించారు" అని మా ఆవిడ చీకట్లో గొణిగింది.

తెల్లవారుఝామున మావాడు తలుపు తట్టి లేపాడు. మెట్లదారిన కొంచెం దూరం నడిపించి ఒక అరుగు మీద నిలబెట్టాడు. అక్కడ మాకు ముందే నూటికి తక్కువకాని జనం ముక్కాలి పీటలమీద కెమెరాలు బిగించి, ఎవరూ మాట్లాడకుండా, శివరాత్రి జాగారంలా నిలబడ్డారు. తూరుపు తెలుపెక్కింది. మబ్బు కింద లోయలోకి జారింది.

ఏం చెప్పను? కొండకి కొండంతా నీళ్ళ మెట్లు. ఒక్కొక్క మెట్టూ ఒక్కొక్క మడి. కొన్ని మళ్ళు ఎకరం ఉంటాయేమో. కొన్ని మా ఆవిడ పట్టుచీర పరిస్తే సరిపోయేటంత. ఏ రెండూ ఒక ఆకారంలో లేవు. కొండ ఎక్కడ వంపు తిరిగితే గట్టూ అక్కడ వంపు తిరిగింది. పైరు లేదు, ఒట్టి నీళ్ళే. ఆకాశం ఏ రంగైతే మళ్ళూ ఆ రంగు. అప్పుడే ముందు బూడిద, తరవాత గులాబి, తరవాత పసుపు. కెమెరాలు పేలాలు వేగినట్టు చప్పుడు చేశాయి. ఎండ పైకెక్కగానే ఆ జనమంతా ముక్కాలిపీటలు మడిచేసుకుని టిఫినుకు పోయారు. అరగంటలో అరుగుమీద మేం ముగ్గురం మిగిలాము. అప్పుడు కింద మడిలో ఒకడు దున్నపోతును కట్టి దమ్ము చెయ్యడం మొదలెట్టాడు. ఆ దృశ్యానికి కెమెరా లేదు.

నాకొక సందేహం కలిగింది. మనకైతే దాళవా కోస్తే నీళ్ళు కట్టేస్తాము, చేను ఎండుతుంది. ఇక్కడ కోతలు సెప్టెంబరులో అయిపోయాయి. ఇంత చలిలో రెండో పంట పండదు. ఏడాదికి ఒక్కటే పంట. మళ్ళీ ఊడ్పులు ఏప్రిల్ తరవాత. మరి ఈ చలికాలమంతా వట్టి మడికి నీళ్ళెందుకు పెట్టుకున్నట్టు? దాని జవాబు మర్నాడు గాని దొరకలేదు.

ఈ కొండల పేరు ఐలావ్. ఇక్కడి జనం హానీలు. చైనా ప్రభుత్వం గుర్తించిన 55 అల్పసంఖ్యాక జాతులలో వాళ్ళొకరు. వాళ్ళ భాష చైనాభాష కాదు. టిబెట్టు, బర్మా భాషల చుట్టం. బర్మాలో, లావోసులో, థాయిలాండులో ఉన్న వీరి జ్ఞాతుల్ని అఖాలంటారు. భాషకు లిపి లేకపోతే 1957లో రోమను అక్షరాలతో ఒకటి తయారుచేసి ఇచ్చారు. అంతకుముందు అంతా నోటిపాఠమే. తండ్రి పేరులోని చివరి అక్షరం కొడుకు పేరుకు మొదటి అక్షరంగా తగిలించుకుంటూ పోతారట. అల్లా పదుల తరాల పేర్లు గొలుసులాగా అప్పచెబుతారట. మనం గోత్రం చెప్పి మూడుతరాల దగ్గర తడబడతాము.

ఈ మళ్ళు తవ్వడం మొదలై 1,300 ఏళ్ళయిందంటారు. 2013లో యునెస్కోవారు వీటిని ప్రపంచ వారసత్వ స్థలాల పట్టీలో చేర్చారు. చేర్చింది మళ్ళను మాత్రమే కాదు, 82 పల్లెలతో సహా చేర్చారు. ఎందుచేతనంటే ఇక్కడ అడవి, ఊరు, మడి, నది నాలుగూ ఒక దండలో గుచ్చినవి. కొండ నెత్తిన అడవి. అడవి కింద ఊరు. ఊరికింద మళ్ళు. మళ్ళకింద నది. లోయలో ఉక్కకి నదినీళ్ళు ఆవిరై మబ్బవుతాయి. ఆ మబ్బే రాత్రి మమ్మల్ని చుట్టుకున్నది. అది పైకి పోయి అడవి చెట్లకి తగిలి నీరై, ఊటలై, కాలువలై, ఊరు దాటి, మడినించి మడికి దిగి, తిరిగి నదిలోకి. పంపులేదు, కరెంటులేదు. కొండ ఎంత ఎత్తో నీరూ అంత ఎత్తని వాళ్ళ సామెత. నెత్తిన అడవిలో ఎవరూ గొడ్డలి పెట్టరు. ప్రతి ఊరికీ పైన ఒక దేవుడి తోపు ఉంటుంది. ఏడాదికొకసారి అక్కడ జాతర చేస్తారు.

ఊరు మడికి పైన ఎందుకుందో తెలుసాండీ? ఇది విని మా ఆవిడ చప్పట్లు కొట్టింది. ఊరి గొడ్ల పేడ, చెత్త అంతా ఒక గుంటలో మాగేస్తారు. ఊడ్పులముందు ఆ గుంటలోకి కాలువ తిప్పుతారు. ఎరువు తనంతట తానే నీటితోపాటు మడికి పోతుంది. తట్ట మొయ్యనక్కర్లేదు.

మర్నాడు కాలినడకన అజెకె అనే పల్లెకు వెళ్ళాము. గంటకు పైగా గట్లమీద, రాతిమెట్లమీద నడక. మా ఆవిడ చెప్పులు చేతబట్టుకుని నాకన్న ముందు నడిచింది. గట్లమీద నడవడం ఒకసారి వచ్చినవాళ్ళకి మరిచిపోవడం ఉండదు కాబోలు.

అజెకెలో 60కి పైచిలుకు గడపలు. ఇళ్ళన్నీ పుట్టగొడుగుల్లా ఉంటాయి. కింద రాయి, దానిమీద మట్టి ఇటుక గోడ, నెత్తిన నాలుగువైపులా వాలిన గడ్డికప్పు. కింది అంతస్తులో పశువులు, పనిముట్లు. నడుమ మనుషులు, నడింట్లో ఆరని పొయ్యి. పైన కప్పుకింద ధాన్యం అటక. పొయ్యిపొగ పైకిపోయి ధాన్యానికి పురుగు పట్టకుండా చూస్తుంది. పూర్వం ఈ హానీలు కొండకి వచ్చినప్పుడు, వానలో గాలిలో చెక్కుచెదరని పుట్టగొడుగునీ, దానికింద చల్లగా కాపురముంటున్న చీమల్నీ చూసి ఇల్లాంటి ఇల్లు కట్టుకున్నారని ఒక కథ చెబుతారు.

ఈ ఊరిది ఒక ముచ్చట ఉంది. ఇంటికి కొడుకులు వలసపోతున్నారు; గడ్డికప్పు తీసేసి కాంక్రీటు పోస్తున్నారు; బయటి వ్యాపారులొచ్చి ఇళ్ళు అద్దెకు పట్టి హోటళ్ళు పెడుతున్నారు. ఇల్లా అయితే ఊరు మిగలదని, 2018లో గ్వాంగ్‌జౌ పట్నంలోని సన్‌యట్‌సేన్ విశ్వవిద్యాలయం ఆచార్యులు వచ్చి ఊరివాళ్ళతో కలిసి ఒక ఏర్పాటు చేశారు. ఊరంతా కలిసి ఒక కంపెనీ. చూడవచ్చినవాళ్ళు రుసుం ఇవ్వాలి. వచ్చినదాంట్లో నూటికి 30 ఊరి కంపెనీకి, 70 ఊరివాళ్ళకి. ఇల్లు బయటివాళ్ళకి అద్దెకివ్వకూడదు, అమ్మకూడదు, బయటి పెట్టుబడి తేకూడదు, పాతది చెడగొట్టకూడదు. ఇవీ షరతులు. ఇక పంపకం చిత్రంగా ఉంది. ఇంటివంతు 100 అనుకోండి. పాత ఇల్లు పాతగానే ఉంచినందుకు 40. మడి సాగుచేస్తున్నందుకు 30. ఊళ్ళో కాపురముంటున్నందుకు 20. ఊరి చిట్టాలో పేరున్నందుకు 10.

మావాడు ఇదంతా తెలుగులో చెప్పి ముగించగానే మా ఆవిడ, "అంటే మనలాంటివాళ్ళకి పదే వస్తుందన్నమాట" అంది.

నేను వినపడనట్టు ఊరుకున్నాను. ఆమె అన్నదానికి కారణం ఉంది. అది కాస్త ఆగి చెబుతాను.

ఈ ఏర్పాటువల్ల ఇళ్ళు నిలిచాయి. పోయిన కుర్రాళ్ళలో కొందరు తిరిగొచ్చారు కూడా. టిక్కెట్లబల్ల దగ్గిర కూర్చున్న అమ్మాయి అల్లా వచ్చినదే. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఈ పల్లెను ఆ ఏటి మేటి పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంచింది. కాని ఇది ఒక్క ఊరి సంగతి. పక్క కొండల్లో కొన్ని చోట్ల నీటిమడి వదిలేసి మెట్టపంట వేసిన మళ్ళు మాకే దారిలో కనిపించాయి.

మధ్యాహ్నం ఒక ఇంట్లో భోజనం పెట్టారు. ఎర్రబియ్యపు అన్నం, పొగచూరిన పంది మాంసం, మళ్ళలో పెరిగిన చేప, బాతుగుడ్లు, పచ్చడిలాంటి ఒక కారపు నీళ్ళు. మా ఆవిడకి వీటిల్లో అన్నం, కారం మాత్రమే పనికొచ్చాయి. అయితే ఆ కారం రుచిచూసి, "ఇందులో ఏం ఆకు వేశారో అడగరా" అని మనవణ్ణి ప్రాణం తీసింది. వాడికి డాక్టరీ చైనామాటలు వచ్చుగాని వంటింటి ఆకులు రావు. చివరికి ఇంటావిడ ఈవిడ చెయ్యిపట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి ఆకు చూపించింది. ఆ తరవాత వాళ్ళిద్దరికీ దుబాసీ అవసరం రాలేదు.

నేను టిక్కెట్ల అమ్మాయిని వెంటబెట్టుకుని ఊరిపైన కాలువగట్టుకు పోయాను. అక్కడే ఒక ముసలాయన కూర్చుని పొడుగాటి వెదురుగొట్టంతో పొగ పీలుస్తున్నాడు. నీలిమందు వేసిన నల్లటి చొక్కా, మోకాళ్ళదాకా బురద. ఆయన కాలువ కాపలాదారు. మావాడు చెప్పేలోపలే నాకు అర్థమైంది. చెరువుల కింద నీరటి, మా కాలువలకింద లస్కరు. ఏ దేశంలోనైనా ఆ కూర్చోవడం, ఆ నీటివంక చూపు ఒకటే. ఊరివాళ్ళు ఆయనకి జీతం ధాన్యం రూపంలో కొలుస్తారట.

ఆయన కాళ్ళదగ్గర కాలువకు అడ్డంగా ఒక దుంగ ఉంది. దుంగమీద గంట్లు కొట్టారు. ఒకటి జానెడు, ఒకటి అరజానెడు, ఒకటి నాలుగువేళ్ళు. ఒక్కొక్క గంటులోంచి పోయేనీరు ఒక్కొక్క చిన్నకాలువలో పడి ఒక్కొక్క మళ్ళవరసకి పోతుంది. గంటు వెడల్పు ఎవరి మడి ఎంత, కాలువ తవ్వేటప్పుడు ఎవరు ఎంత పనిచేశారు అన్నదాన్ని బట్టి. కొలత ముందే అందరూ కూర్చుని ఒప్పుకున్నది. ఒకసారి దుంగ పెట్టాక దాన్ని ముట్టడానికి వీల్లేదు. నీళ్ళు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా అందరికీ ఆ లెక్కనే. కొన్నిచోట్ల దుంగకు బదులు రాయి ఉంటుంది. ఈ వారసత్వ ప్రాంతంలో ఇల్లాంటి కాలువలు పెద్దవి 4, చిన్నవి 392, మొత్తం 445 కిలోమీటర్లు పైచిలుకు. ఇంజనీర్ల కచేరీ లేదు.

నేను ఆ దుంగముందు చతికిలబడ్డాను. గంట్లలోంచి నీళ్ళు చప్పుడు చేస్తూ పోతున్నాయి.

ఆ తరవాత మా సంభాషణ. దీనికి రెండు మజిలీలు. ముసలాయన హానీలో అంటే అమ్మాయి చైనాభాషలో చెబుతుంది. మావాడు దాన్ని తెలుగు చేస్తాడు. నా మాట మళ్ళీ అదే దారిన ఎక్కుతుంది. అంచేత ప్రతి ప్రశ్నకీ ఆలోచించుకోడానికి వ్యవధి ఉంటుంది. అయినా నాకది చాలలేదు.

చలికాలంలో వట్టిమడికి నీళ్ళెందుకని ముందు నేనే అడిగాను. ఆయన నవ్వాడు. మడి ఒక్కఏడు ఎండితే బంకమట్టి బీటలు వేస్తుంది. మళ్ళీ నీళ్ళుపెడితే ఆ బీటల్లోంచి దిగి గట్టు కూలుతుంది. పైగట్టు కూలితే కిందది, అది కూలితే దానికిందది. "నా మడి నేనెండబెట్టుకుంటే కింద పదిమంది మళ్ళు పోతాయి" అన్నాడు.

"మీ దేశంలో వరి ఉందా?" అన్నాడు తరవాత.

"ఉంది. మాది వరి ఊరే."

"మెట్లా?"

"కాదు. చదును. కనుచూపుమేర చదునే."

ఆయన గొట్టం పక్కనబెట్టాడు. "చదునైతే నీళ్ళెల్లా కదులుతాయి?"

ఇంత మంచిప్రశ్న నన్ను ఏ ఇంజనీరూ అడగలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి 1852లో ఆనకట్ట పూర్తయిందనీ, అక్కడ నీరు ఎత్తు చేసి కాలువలకి ఇస్తారనీ, మైలుకి కాసింత వాలుతో సముద్రందాకా పోతుందనీ చెప్పాను. మాది శివారు భూమి. అందరి మళ్ళూ తడిశాకగాని మాకు రాదు. వంతు వచ్చిన రాత్రి మా నాన్నగారు లాంతరు పుచ్చుకుని బోదెగట్టుమీద కూర్చునేవారు, పైవాళ్ళు తూము తిప్పేసుకోకుండా. పక్కన నేను గోనెసంచి కప్పుకుని నిద్రపోయేవాణ్ణి.

లాంతరు అనగానే ముసలాయన ముఖం వికసించింది. ఆయన తండ్రీ అల్లాగే కూర్చునేవాడట, దివిటీతో. "మీకు కొయ్య లేదా?" అని దుంగ చూపించాడు.

"తూములున్నాయి. తాళాలున్నాయి. లస్కరున్నాడు. కోర్టు ఉంది" అన్నాను. మావాడు కోర్టుదాకా తర్జుమా చేసి ఆపేశాడు. ఆ అమ్మాయి నవ్వింది.

"ఇప్పుడా మడి ఎవరు దున్నుతున్నారు?" అన్నాడు.

ఇదీ నేను ఎదురుచూడని ప్రశ్న. "కౌలుకిచ్చాను" అన్నాను. అబద్ధం కాదు. మాట కొండెక్కింది, దిగింది.

"ఏం వడ్లు?"

మావాడు నావంక చూశాడు. వాడికి తెలుసు. నేను పైకెక్కుతున్న మబ్బువంక చూశాను.

చెప్పాను. 2011లో గిట్టుబాటు ధర లేదని కోనసీమ రైతులంతా పంటవిరామం ప్రకటించారు. ఆ ఏడు మా కౌలురైతు కూడా ఊడ్పు వెయ్యలేదు. తరవాత రెండేళ్ళు వేశాడు, నష్టపోయాడు, కూతురి దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. నేనూ అప్పటికే హైదరాబాదులో ఉన్నాను. ఒకాయన వచ్చి రొయ్యలచెరువుకు ఇమ్మన్నాడు. వరికి వచ్చే కౌలుకి ఎన్నోరెట్లు ఇస్తానన్నాడు. ఇచ్చాను. అమ్మాయి పెళ్ళి ఆ డబ్బుతోనే చేశాను.

"రొయ్యలు" అనే మాట పైకి చేరేసరికి ముసలాయన తల ఊపాడు. ఇక్కడ మళ్ళలో వరితోపాటే చేపలు, మలుగులు, బాతులు పెంచుతారు. అంచేత ఆయనకి అది బాగానే తోచింది. "మంచిదే. వరిలోనేగా?"

"వరి లేదు. ఉప్పునీళ్ళు. బోరువేసి పడతారు."

అమ్మాయి దీన్ని వెంటనే చెప్పలేదు. మావాణ్ణి మళ్ళీ అడిగింది. వాడు మళ్ళీ చెప్పాడు. అప్పుడు చెప్పింది.

ఆయన నన్నేమీ అనలేదు. ముసలాయన తప్పుపడితే నేనూ నాలుగు మాటలు చెప్పుకునేవాణ్ణి; ఎరువుల ధరలు, కూలీలు, డ్రెయిన్లు పూడిపోవడం, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆయన కాలువవంక చూస్తూ ఒక్కటే అడిగాడు.

"పక్కవాడి మడి?"

పక్కచేను మా చిన్నాన్నగారి కొడుకుది. మా చెరువు ఉప్పు గట్టు దాటి ఊరి, రెండేళ్ళలో అతని వరి ఎర్రబడింది. మా ఇంటికొచ్చి అడిగాడు. ఏం చెయ్యమంటావన్నాను. మూడోఏడు అతనూ చెరువు తవ్వించేశాడు. ఇప్పుడు మేమిద్దరం పెళ్ళిళ్ళలో కనపడితే పలకరించుకుంటాము, అంతే.

"అతనూ తవ్వించుకున్నాడు" అన్నాను.

ఆ మాట వెళ్ళింది. తిరిగి ఏమీ రాలేదు. ముసలాయన లేచి దుంగదగ్గరకు పోయి, నాలుగువేళ్ళ గంటులో అడ్డంపడ్డ ఎండుటాకు ఒకటి తీసి అవతల పారేశాడు. అది ఎవరి వంతని అడిగాను. ఆయన కొడుకుదట. షెన్‌జెన్‌లో ఫాక్టరీలో ఉన్నాడు, పండక్కి వచ్చి నిన్ననే వెళ్ళాడు. ఆ మడి ఈయనే చేస్తున్నాడు. ఆయనకి 71. "తరవాతో?" అని నేనడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

దిగేటప్పుడు మా ఆవిడ రెండు కిలోల ఎర్రబియ్యం, ఆకుకూర విత్తనాల పొట్లం ఒకటి పట్టుకుని ఎదురొచ్చింది. ముఖం చూసి, "ఏమైందండీ?" అంది. గట్టు ఎక్కి ఆయాసం వచ్చిందన్నాను.

రొయ్యలచెరువు కౌలు గడువు ఈ ఉగాదికి తీరుతుంది. కున్మింగు తిరిగొస్తూ బస్సులో ఉండగా ఆ కౌలుదారు ఫోను చేశాడు. ఇంకో అయిదేళ్ళకి కాగితం రాసుకుందాం, ఎకరానికి ఇంకొంచెం పెంచుతానన్నాడు. చైనాలో ఉన్నాను, వచ్చి మాట్లాడతానన్నాను. "చైనాలోనా? అక్కడ రొయ్య రేటెల్లా ఉందండీ?" అన్నాడు పాపం, ఎంతో ఆసక్తిగా.

వచ్చి పదిరోజులైంది. కాగితం బల్లమీద ఉంది. చిన్నాన్నగారి అబ్బాయికి నిన్న ఫోను చేశాను. గట్టు సంగతి కాదు, ఊరికే. ఆశ్చర్యపోయినట్టున్నాడు. ఉప్పుదేలిన నేల మళ్ళీ వరికి రావాలంటే ఎన్ని వానలు కడగాలో అతనికి తెలుస్తుంది, నాకు తెలియదు. అది అడగబోయి, వాళ్ళ మనవరాలి చదువు సంగతి అడిగి పెట్టేశాను. ఇవాళ మళ్ళీ చేస్తాను.

ఎర్రబియ్యం నిన్న వండింది మా ఆవిడ. గింజ కాస్త గట్టి, నీళ్ళెక్కువ పడతాయి, రెండోసారికి గాని కుదరలేదు. ప్లీడరుగారికి గిన్నెడు పంపాము.

కున్మింగు బజారులో మా ఆవిడ తెలుగులో చేసిన బేరం సంగతి వచ్చేవారం.